మోకాలి లోతు నీళ్లు: నల్లగొండ చెరువులో తీసిన ఒక చిన్న హారర్ సినిమా కేస్ స్టడీ

మా సినిమా మొదటి కట్‌ను మే నెల రెండో వారంలో నల్లగొండలో ఒక చిన్న ఫంక్షన్ హాల్లో అరవై మందికి చూపించాం. సినిమా వాళ్లెవరూ లేరు. షూటింగులో మాకు వండిపెట్టినామె కుటుంబం, ఆటో డ్రైవర్లు, డిగ్రీ చదివే పిల్లలు, చెరువు ఊరి నుంచి వచ్చిన పన్నెండు మంది. చెరువులోంచి ఆరడుగుల చేప లేచి మనిషి మీద పడే సీన్ రాగానే హాలంతా నవ్వింది. ఆ ఒక్క సీన్ మీద మేము ఆరు లక్షలు పెట్టాం.

అంతకు ఇరవై నిమిషాల ముందు ఇంకో షాట్ ఉంది. పదేళ్ల పిల్లవాడు బంతి కోసం చెరువులోకి దిగుతాడు. నీళ్లు మోకాళ్ల దాకా. ఏమీ జరగదు. బంతి తీసుకుని వెనక్కి వస్తాడు. వాడి ఇల్లు చెరువు పక్కనే అని చెప్పడానికి పెట్టిన షాట్ అది, అంతకు మించి దానికి పని లేదు. అక్కడ మూడో వరసలో కూర్చున్న ఒకామె ఉన్నట్టుండి గట్టిగా అరిచింది: "అటు పోకు బిడ్డా, గుంత ఉంటది!"

ఆ అరుపుకి హాల్లో ఎవరూ నవ్వలేదు.

ఆ రాత్రి నేనూ మా ఎడిటరూ క్లాక్ టవర్ దగ్గర టీ తాగుతూ రెండు గంటలు దాని గురించే మాట్లాడుకున్నాం. ఆరు లక్షల చేపకు రాని భయం, బంతి కోసం దిగిన పిల్లవాడికి ఎందుకొచ్చింది? తర్వాతి ఇరవై రోజుల్లో సినిమాను మళ్లీ కట్టుకున్నది ఆ ప్రశ్న మీదే. తక్కువ డబ్బుతో నీళ్లలో భయపెట్టే సినిమా తీయాలనుకునే వాళ్లకు పనికొస్తుందని మా తప్పులతో సహా రాస్తున్నాను.

కథ ఎక్కడి నుంచి వచ్చింది

నేను ఈ సినిమాకు దర్శకుణ్ని, కథ రాసినవాళ్లలో ఒకణ్ని. బడ్జెట్ 38 లక్షలు. యూనిట్ మొత్తం 17 మంది. షూటింగ్ రెండు షెడ్యూళ్లు: చెరువు నిండుగా ఉన్న అక్టోబరులో 9 రోజులు, ఎండిపోతున్న ఏప్రిల్‌లో 14 రోజులు. తర్వాత రీషూట్ 3 రోజులు.

మొదట మాంసం కొరికి తినే పిరాన్హా చేపలనుకున్నాం. మన మార్కెట్లో రూప్‌చంద్ అని అమ్మే చేప పిరాన్హాకు దగ్గరి చుట్టమే. నోరు తెరిచి చూస్తే మనిషి పళ్లలాంటి పళ్లుంటాయి. గింజలు, కాయలు నమిలి తినడానికి వచ్చిన పళ్లవి. నల్లగొండ చేపల మార్కెట్లో ఒక రూప్‌చంద్ పెదవి ఎత్తి చూసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది, నిజం. కానీ అది మనవాళ్లు వారం వారం కొనుక్కుని తినే చేప. దాన్ని రాక్షసిని చేస్తే అమ్ముకునేవాళ్ల నోటి దగ్గర కూడు తీసినట్టవుతుంది. వదిలేశాం.

చివరికి తీసుకున్నది ఆఫ్రికన్ క్యాట్ ఫిష్. థాయ్ మాగుర్ అనీ అంటారు. దీని పెంపకాన్ని కేంద్రం 2000లోనే నిషేధించింది. ఎందుకంటే అది చెరువులోకి చేరితే మిగతా చేపల్ని, వాటి పిల్లల్ని, గుడ్లని తినేస్తుంది. అయినా చాటుగా గుంతలు తవ్వి, కోళ్ల వ్యర్థాలు మేతగా వేసి పెంచేవాళ్లున్నారు. ఈ చేప గురించి చదువుతుంటే కథ దానంతట అదే వచ్చింది. దానికి మొప్పలతో పాటు గాలి పీల్చుకునే అవయవం ఇంకోటి ఉంది. నీళ్లు చెడిపోయినా బతుకుతుంది, బురదలో బతుకుతుంది, తడి నేల మీద పాకి ఒక గుంత నుంచి ఇంకో గుంతకు పోగలదు. మనిషిని చంపే చేప మాత్రం కాదు. చంపడం మా కల్పన, మిగతాదంతా దాని సొంత గుణమే.

కథ ఇది. ఊరి పక్కన ఒకడు దొంగచాటుగా ఈ చేపలు పెంచుతుంటాడు. వానాకాలంలో గుంత గట్టు తెగి చేపలు వాగులో కలిసి చెరువులోకి వస్తాయి. చెరువు నిండుగా ఉన్నన్నాళ్లు ఎవరికీ ఏమీ తెలియదు. బతుకమ్మ రోజు ఏదో తేడాగా అనిపిస్తుంది. వేసవిలో నీళ్లు తగ్గుతూ తగ్గుతూ, చేపలన్నీ ఒక మడుగులోకి చేరతాయి. తినడానికి ఏమీ మిగలదు. సరిగ్గా అప్పుడే ఊరంతా లూటీకి దిగుతుంది.

లూటీ తెలియని వాళ్ల కోసం: మృగశిర కార్తెకు ముందు మత్స్యకార సంఘం వాళ్లు తమ చేపలు పట్టుకుని, ఇక చాలు అన్నాక, మిగిలినవి ఎవరికి దొరికితే వాళ్లవి. పిల్లలు, ఆడవాళ్లు, ముసలివాళ్లు ఊతలనే వెదురు బుట్టలు, దోమతెరలు, పాత చీరలు పట్టుకుని బురదలోకి ఉరుకుతారు. మోకాలి లోతు నీళ్లలో వందల కాళ్లు. ఇంతకంటే మంచి క్లైమాక్స్ ఏ స్టూడియో కట్టిస్తుంది?

మత్స్యకారులు అడిగిన మాట

ఊరి పేరు ఇక్కడ చెప్పడం లేదు. సినిమాలోనూ లేదు. అది మేము ఇచ్చిన మాట. అనుమతి కోసం వెళ్లినప్పుడు మత్స్యకార సంఘం పెద్దమనిషి, మేమంతా కాకా అని పిలిచేవాళ్లం, కట్ట మీద తుమ్మ చెట్టు కింద కూర్చోబెట్టి అడిగాడు. "సారూ, మీరు సినిమా తీసుకోని పోతరు. రేపు మా చెరువుల చేప ఎవ్వడు కొంటడు?"

నా దగ్గర జవాబు లేదు. రెండు రోజులు ఆలోచించుకుని మళ్లీ వెళ్లాను. మూడు విషయాల మీద ఒప్పందం కుదిరింది. ఒకటి, ఊరి పేరు, చెరువు పేరు, గుర్తుపట్టే గుడీ బడీ కనిపించకూడదు. రెండు, మార్పు అని పిలిచే మన నాటు మాగుర్ చేపకూ ఈ పరాయి చేపకూ తేడా ఏమిటో సినిమాలో ఒక జాలరి నోట చెప్పించాలి. మూడు, లూటీ సీన్‌లో వచ్చే ప్రతి మనిషికీ ఒక రోజు కూలి ఇవ్వాలి. రెండోదాన్ని మొదట్లో బరువుగా తీసుకున్నాను, పాఠం చెప్పినట్టుంటుందని. తీరా తీశాక సినిమాలో నాకు బాగా నచ్చిన సీన్లలో అదొకటైంది. ఆ డైలాగులు మేము రాసినవి కావు. కాకా చెప్పింది రికార్డు చేసుకుని, నటుడికి అలాగే నేర్పించాం. "కొర్రమట్టను చూస్తే ఆకలైతది, దీన్ని చూస్తే కడుపుల దేవుతది" అన్న మాట ఆయనదే.

చేపను తయారు చేయడం, పాడు చేసుకోవడం

బతికున్న క్యాట్ ఫిష్‌ను వాడే ప్రసక్తే లేదు, నిషేధం. వేరే చేపలను వాడదామన్నా తేలిక కాదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో జంతువు అంటే మనిషి తప్ప ఏ ప్రాణి అయినా. అంటే చేప కూడా. షూటింగులో బతికున్న చేప కనిపించాలంటే జంతు సంక్షేమ బోర్డు అనుమతి ముందే తెచ్చుకోవాలి, లేకపోతే సెన్సార్ దగ్గర ఆగిపోతుంది. చిన్న సినిమాల వాళ్లు చాలామంది కుక్క, గుర్రం వరకే ఇది వర్తిస్తుందనుకుంటారు. మేము కాగితాలు పెట్టుకున్నది లూటీ దృశ్యం కోసమే. కథలోని ప్రాణి మొత్తం బొమ్మే.

మా ఆర్ట్ డైరెక్టర్ మూడు చేపలు చేశాడు. ఆరడుగులది ఒకటి, లోపల పీవీసీ పైపుల అస్థిపంజరం, పైన ఫోమ్, దాని మీద లేటెక్స్ పూత. రెండున్నర అడుగుల తల మాత్రమే ఉన్నది ఒకటి. మూడోది కేవలం మీసాలు. ఈ చేపకు నోటి చుట్టూ నాలుగు జతల మీసాలుంటాయి. వాటికి సైకిల్ వాల్వ్ ట్యూబ్ వాడాడు, లోపల సన్నటి రాగి తీగ దూర్చి. ఎనిమిది మీసాలకు వంద రూపాయలు కూడా కాలేదు.

పెద్ద చేప మొదటి రోజే మునగలేదు. ఫోమ్ తేలుతుంది కదా! రాళ్లు కడితే ఒక పక్కకు ఒరిగింది. నీళ్లు పీల్చుకున్నాక నలుగురు లాగినా కదలలేదు. సరే, కంప్యూటర్లో సరిచేద్దామని హైదరాబాద్‌లో ఒక గ్రాఫిక్స్ స్టూడియోకి ఇచ్చాం. అడ్వాన్సు తీసుకుని నెలన్నర తిప్పి, చివరికి పంపిన షాట్లలో చేప బాగానే ఉంది, నీళ్లు బాగాలేవు. గ్రాఫిక్స్‌లో ఖర్చంతా ప్రాణి దగ్గర ఉండదు, ప్రాణి నీటిని తాకే చోట ఉంటుంది. చిమ్మే తుంపర, లేచే అల, ఒంటి మీంచి జారే ధార. ఇవి కుదరకపోతే చేప నీళ్ల మీద స్టిక్కర్ అంటించినట్టు ఉంటుంది. ఇది ముందే తెలుసుకుని ఉండాల్సింది. తెలిసిన వాళ్లను ఒక్క మాట అడిగినా ఆరు లక్షలు మిగిలేవి.

1975లో వచ్చిన 'జాస్' సంగతి సినిమా వాళ్లందరికీ తెలిసిందే. యంత్రపు సొరచేప ఉప్పు నీళ్లలో మాటిమాటికీ మొరాయిస్తే, స్పీల్‌బర్గ్ దాని బదులు నీళ్ల మీద ఈడ్చుకుపోయే పసుపు పీపాలు చూపించాడు. మాకూ తెలుసు. తెలిసి కూడా చేప చూపించాలని ఆశపడ్డాం, ఎందుకంటే పోస్టర్ మీద చేప లేకపోతే కొనేవాళ్లు రారని ఇద్దరు ముగ్గురు చెప్పారు.

గుంతలు

అక్టోబరు షెడ్యూల్‌కు ముందే చేసిన ఒక పని మాత్రం మమ్మల్ని కాపాడింది. సినిమానూ కాపాడింది, మనుషుల్నీ కాపాడింది.

మన చెరువుల్లో ఇప్పుడు పెద్ద ప్రమాదం లోతు కాదు, గుంతలు. మట్టి కోసం జేసీబీలు పెట్టి శిఖంలో, అంటే చెరువు నేలలో, ఎక్కడ పడితే అక్కడ తవ్వుతారు. వేసవిలో అవి కళ్లకు కనిపిస్తాయి. వానలు పడి నీళ్లు నిండాక కనిపించవు. పైనుంచి చూస్తే అంతా ఒకటే మోకాలి లోతు. రెండడుగులు వేస్తే ఎనిమిది అడుగుల గుంత. ఈత రాని పిల్లలు పోయేది అక్కడే. నీళ్లు తేటగా ఉన్నా కన్ను మోసపోతుంది, నాలుగడుగుల లోతు మూడడుగుల్లా కనిపిస్తుంది. ఇక ఎర్రమట్టి కలిసిన మా చెరువు నీళ్లలో అయితే పాదమే కనిపించదు.

సంఘంలోని ఇద్దరు జాలర్లను తోడు తీసుకుని, థర్మాకోల్ తెప్పల మీద రెండు రోజులు తిరుగుతూ వెదురు గడలతో లోతు కొలిచాం. కట్ట నుంచి తూము దాకా, తూము నుంచి అలుగు దాకా, మేము షూట్ చేయబోయే మేర అంతా. 14 గుంతలు దొరికాయి. ప్రతి గుంత అంచున ఒక వెదురు కర్ర నాటి ఎర్ర గుడ్డ కట్టాం. ఫ్రేములోకి వచ్చే కర్రను షాట్ ముందు తీసి, షాట్ అవగానే మళ్లీ నాటాలి. దాన్ని తీసినవాడే నాటేదాకా అక్కడ నిలబడాలి. ఈ పని ఒకే అసిస్టెంట్‌కి అప్పగించాం, వాడికి వేరే పని చెప్పలేదు.

కరెంటు విషయంలోనూ అంతే. నీళ్లలో మనిషి ఉన్నప్పుడు 230 వోల్టుల వైరు కట్ట దాటి రాకూడదు. నీటి అంచున లైట్లన్నీ బ్యాటరీవే. జనరేటర్ కట్ట అవతల, దానికి కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ స్విచ్. పొద్దున్నే దాని టెస్ట్ బటన్ నొక్కి చూశాకే ఎవరైనా నీళ్లలో దిగేది. ఒంటి మీద తెగిన గాయం ఉన్నవాళ్లను ఆ రోజు నీళ్లలో దించలేదు, ఎలుక జ్వరం భయానికి. జలగలు మాత్రం ఎంత చేసినా పట్టాయి.

అరిచినామె మాట దగ్గరికి మళ్లీ వస్తాను. ఆమెకు మా చేప గురించి తెలియదు. సినిమాలో ఇంకా చేప రాలేదు. ఆమె భయపడింది గుంతకు. నల్లగొండలో చెరువున్న ప్రతి ఊరి మనిషికీ ఆ భయం ముందే ఉంది. మేము దాన్ని కొత్తగా పుట్టించాల్సిన పని లేదు. నడుము లోతు, పీకల లోతు నీళ్లంటే మనిషి ముందే జాగ్రత్తపడతాడు, అసలు దిగడు. మోకాలి లోతులోనే ఏమరుపాటుగా ఉంటాడు. మా కథలో చేప ఉండాల్సింది ఆరడుగుల ఎత్తున గాల్లో కాదు, ఆ పిల్లవాడి రెండు పిక్కల మధ్య.

అలా చూస్తే మోకాలి లోతు డబ్బుకూ మంచిది. డైవర్లు అక్కర్లేదు, వాటర్‌ప్రూఫ్ కెమెరా పెట్టెలు అక్కర్లేదు, నటులు నిలబడి నటించగలరు.

గాజు తొట్టి

నీటి మట్టం దగ్గర, సగం నీళ్లపైన సగం నీళ్లలోపల కనిపించే షాట్లు మాకు ఐదు కావాలి. కెమెరాను నీళ్లలోకి దించే వాటర్‌ప్రూఫ్ పెట్టె (హౌసింగ్) అద్దె మాకు అందలేదు. అక్వేరియం అమ్మే షాపులో గాజు తొట్టి కొన్నాం: 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 36 ఎత్తు. అందులో కెమెరా పెట్టి తొట్టిని సగం ముంచితే చాలనుకున్నాం.

ఇద్దరు కుర్రాళ్లు బలమంతా పెట్టి నొక్కినా తొట్టి మునగలేదు. స్కూల్లో చదువుకున్న ఆర్కిమెడిస్ అప్పుడు గుర్తొచ్చాడు. 18 సెంటీమీటర్లు ముంచాలంటే 32 లీటర్ల నీళ్లను పక్కకు నెట్టాలి. అంటే కింది నుంచి 32 కిలోల తోపు. తొట్టి, కెమెరా కలిపితే 12 కిలోలు. ఇంకో 20 కావాలి. ఊళ్లో పాత ఇనుప సామాను కొనే ఆయన దగ్గర ఐదు కిలోల తూకపు రాళ్లు నాలుగు దొరికాయి. వాటిని తొట్టిలో పెట్టగానే సరిగ్గా గీత గీసినట్టు సగానికి వచ్చి ఆగింది. అందరం చప్పట్లు కొట్టాం.

రెండో రోజు పొద్దున ఆ రాళ్లన్నీ ఒక మూలకు జరిగాయి. గాజు అడుగు మీద ఒకే చోట బరువు పడి మూల సిలికాన్ విడిచింది. మానిటర్ చూస్తున్న నాకు ముందు తెలియలేదు. ఫోకస్ చూసే అమ్మాయి "సార్, లోపల తడి!" అంటూనే కెమెరాను రెండు చేతులా పైకెత్తింది. కెమెరా బతికింది, లెన్స్ మౌంట్ దగ్గర నాలుగు చుక్కలు తుడుచుకున్నాం. తర్వాత తొట్టి అడుగున ప్లైవుడ్ పలక, దాని కింద రబ్బరు షీట్, రాళ్లు నాలుగు మూలలా తాడుతో కట్టేసి. ఇక ఏ ఇబ్బందీ రాలేదు. మొదటి రోజే ఇలా చేయకపోవడం నా తప్పు.

ఇంకో చిన్న సంగతి, నాకు చాలా పెద్దదనిపిస్తుంది. ఏప్రిల్‌లో మా కెమెరామన్ లెన్స్‌కు పోలరైజర్ వేసి తీశాడు, నీళ్లలో బొమ్మ చేప కనిపించాలని. నీటి మట్టానికి సుమారు 37 డిగ్రీల వాలులో చూసినప్పుడు ఆ ఫిల్టర్ నీటి మీది మెరుపునంతా తీసేస్తుంది. చేప నీడ చక్కగా కనిపించింది. చూసినవాళ్లకు భయం పోయింది. రీషూట్‌లో పోలరైజర్ తీసేశాం. నీళ్ల మీద ఆకాశం, తాటిచెట్ల నీడలు, పిల్లవాడి ముఖం. కింద ఏముందో చూసేవాడికీ తెలియదు, పిల్లవాడికీ తెలియదు. ఫిల్టర్ ఒక్కటి తీసేయడంతో చెరువు మూతపడినట్టయింది.

బతుకమ్మ

ఇది మొదటి కట్‌లోనే బాగా వచ్చింది, అందుకే దీని జోలికి పోలేదు. సద్దుల బతుకమ్మ రాత్రి ఆడవాళ్లు నీళ్లలో మోకాళ్ల దాకా దిగి బతుకమ్మలను వదులుతారు. అవి తేలుతూ పోతుంటాయి. తంగేడు పసుపు, గునుగు తెలుపు. పాట ఇంకా సాగుతూనే ఉంటుంది. దూరంగా పోయిన ఒక బతుకమ్మ నిలువునా లోపలికి పోతుంది. ఒరగదు, విడిపోదు. ఎవరో కింద నుంచి పట్టి లాగినట్టు మునుగుతుంది. తర్వాత ఇంకోటి. ఒడ్డున ఒక చిన్న పిల్ల మాత్రమే చూస్తుంది.

దీనికి వాడింది ఒక సిమెంటు ఇటుక, ఇటుకకు కట్టిన చిన్న కప్పీ, నైలాన్ తీగ, ఒడ్డున చెట్టు చాటున తీగ లాగే ఇద్దరు మనుషులు. అంతే.

అడగకుండా తీయకూడదని ముందే ఊరి ఆడవాళ్ల దగ్గరికి వెళ్లాం. పండుగను భయానికి వాడుకుంటున్నామని నాకే లోపల సందేహం. ఒక పెద్దావిడ కాసేపు ఆలోచించి చెప్పింది: "గౌరమ్మను తీసి పుస్తెలకు పసుపు పెట్టుకున్నంకనే బతుకమ్మను గంగల ఇడుస్తం బిడ్డా. ఇడిచినంక అవి గంగమ్మవి. గౌరమ్మ ఉండంగ మాత్రం ఏం చెయ్యకున్రి." సీన్‌ను ఆ క్రమంలోనే మార్చి రాశాను. గౌరమ్మను తీసుకునే షాట్ దగ్గరగా, నిదానంగా పెట్టాం. ఆ నిదానం వల్లే తర్వాత మునిగేది గట్టిగా తగిలింది. మేము తీసింది పండుగ అయిపోయిన మూడో రోజు. పూలు మళ్లీ ఏరుకొచ్చి పేర్చింది ఆ ఊరి వాళ్లే. పాట మాత్రం కొత్తగా రాయించుకున్నాం.

కొత్త కట్

నవ్వుల తర్వాత నేనూ ఎడిటరూ టైమ్‌లైన్ మీద చేప కనిపించే ప్రతి ఫ్రేమునూ లెక్కపెట్టాం. 3 నిమిషాల 50 సెకన్లు. ఆరడుగుల చేప మొత్తం పోయింది. తల ఒకే ఒక చోట, బురదలో, సగం. మిగిలినవి మీసాలు. చివరి కట్‌లో ప్రాణి కనిపించేది 19 సెకన్లు.

పోయిన మూడున్నర నిమిషాల చోట ఏం పెట్టాలి? మూడు రోజుల రీషూట్ అందుకే. మే చివర, నీళ్లు ఇంకా తగ్గాక. తీసింది దాదాపు అంతా కాళ్లే. నీళ్లలో నడిచే కాళ్లు, ఆగిన కాళ్లు, ఒక కాలు ఎత్తి మళ్లీ ఎక్కడ పెట్టాలో తెలియక గాల్లో ఉన్న కాలు. పిల్లవాడి మడమకు వెనక నుంచి ఒక మీసం తగులుతుంది. గాజు తొట్టిలోంచి తీశాం, మడమ ఫ్రేము నిండా ఉంటుంది. వాల్వ్ ట్యూబ్ మీసాన్ని ఆర్ట్ డైరెక్టర్ రెండు వేళ్లతో పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ముందుకు తోశాడు. చర్మం మీద అది వంగి, జారి, మళ్లీ తాకింది. పిల్లవాడు గడ్డి అనుకుని కాలితో గోక్కుంటాడు. రెండో ప్రదర్శనలో హాలు ఊపిరి తీయడం మరిచింది ఇక్కడే.

బంతి షాట్‌ను మూడు సార్లు వాడాం. మొదటిసారి ఏమీ జరగదు. రెండోసారి నీళ్లు కొంచెం తగ్గి ఉంటాయి, అప్పుడూ ఏమీ జరగదు. మూడోసారి పిల్లవాడు బంతి దగ్గరికి వచ్చి ఆగి, దిగకుండా వెనక్కి వెళ్లిపోతాడు. బంతి అక్కడే ఊగుతూ ఉంటుంది. నీటి మట్టం ఎంత తగ్గితే భయం అంత పెరగాలని రాసుకున్నాం. తూము రాళ్ల మీద పాచి గీత ప్రతి పావుగంటకు ఇంకాస్త కిందికి కనిపిస్తుంది. ఊళ్లో చూసినవాళ్లు ఆ గీతను వెంటనే పట్టుకున్నారు. హైదరాబాద్‌లో చూసిన వాళ్లకు అది అందలేదు. వాళ్ల కోసం మార్చలేదు.

శబ్దం

చేపను తీసేశాక దాని బరువంతా సౌండ్ మీద పడింది. ఈ చేప గాలి కోసం మధ్యమధ్య పైకి వచ్చి ఒక గుక్క మింగి కిందికి పోతుంది. ఆ గుక్క శబ్దమే మా ప్రాణి. బకెట్ నీళ్లలో స్టీలు చెంబు బోర్లించి ముంచి, నెమ్మదిగా పక్కకు వంచితే గాలి ఒక్కసారిగా బుడుంగుమని బయటికొస్తుంది. ఆ శబ్దం స్థాయిని కిందికి దించి, నిదానం చేసి వాడాం. చెంబు మా అమ్మది.

నీళ్ల లోపలి శబ్దాలకు మైక్‌గా, బజర్‌లో ఉండే పీజో బిళ్లకు (కంపనాన్ని కరెంటుగా మార్చేది) వైరు అతికి, సిలికాన్ పూసి, బెలూన్‌లో దూర్చి కట్టాం. నేరుగా రికార్డరుకు పెడితే కింది స్థాయి శబ్దమంతా పోయి రేకు డబ్బాలా వినిపించింది. మధ్యలో సిగ్నల్‌ను పెంచే చిన్న ప్రీఆంప్ పెట్టాక గంభీరంగా వచ్చింది. నీళ్లలో శబ్దం సెకనుకు దాదాపు 1,480 మీటర్లు పోతుంది, గాల్లో కంటే నాలుగు రెట్లకు పైగా. రెండు చెవులకూ ఒకేసారి చేరినట్టుండి, ఎటు నుంచి వస్తోందో మనిషికి తెలియదు. అందుకే కెమెరా నీళ్లలో ఉన్నప్పుడు శబ్దాన్ని కుడి ఎడమలకు పంచకుండా నడిమధ్యలోనే ఉంచాం.

సంగీతం మాత్రం చాలా తగ్గించాం. అక్టోబరు సీన్లలో కప్పల బెకబెకలు ఉన్నట్టుండి ఆగిపోతాయి. వేసవి సీన్లలో కప్పలు లేవు. ఎండిన శిఖంలో గుడ్లు పెట్టే తీతువు పిట్ట మనిషి అడుగు పడగానే అరుస్తుంది. రాత్రిపూట తీతువు అరుపు మన దగ్గర ఎవరికీ నచ్చదు. మేము అందులో ఏమీ కలపలేదు, మా రికార్డిస్ట్ తెల్లవారుజామున మూడింటికి వెళ్లి తెచ్చిందే.

లూటీ రోజు

జూన్ మొదటి వారంలో నిజమైన లూటీని మూడు కెమెరాలతో, ఎవరినీ ఆపకుండా తీశాం. మర్నాడు అరవై మందితో మా సీన్. ఒప్పుకున్న కూలి పొద్దున్నే ఇచ్చేశాం, సాయంత్రం ఇస్తామంటే జనం సగంలో వెళ్లిపోతారని కాకా చెప్పాడు. ఆయనన్నట్టే అందరూ చివరిదాకా ఉన్నారు.

రీషూట్‌ను మూడు రోజులన్నాను కానీ, లూటీ రెండు రోజులు దానికి అదనం. బడ్జెట్ అక్కడ రెండు లక్షలు దాటింది.

ఒక విషయం ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. అక్రమంగా చేపలు పెంచే మనిషి పాత్రను చదునుగా రాశాను. కోళ్ల వ్యర్థాలు బండిలో తెచ్చి గుంతలో కుమ్మరించే పని చేసే కూలీలు ఇద్దరు మాకు పరిచయమయ్యారు. వాళ్లు ఆ వాసన ఇంటికి మోసుకెళ్లే తీరు, అన్నం దగ్గర చేతులు మళ్లీ మళ్లీ కడుక్కునే తీరు చూశాను. అది సినిమాలో లేదు. ఉండాల్సింది.

రెండో ప్రదర్శన అదే హాల్లో, ఆగస్టులో. అరిచినామె మళ్లీ వచ్చింది. ఈసారి అరవలేదు. పక్కన కూర్చున్న మనవడి చేయి పట్టుకుని, బంతి మూడోసారి వచ్చే దాకా వదల్లేదని మా అసిస్టెంట్ గమనించి చెప్పాడు. సెన్సార్‌లో యూఏ 16 ప్లస్ వచ్చింది, అంటే పదహారేళ్ల లోపు పిల్లలు పెద్దల మార్గదర్శకత్వంలో చూడాలి. 2024 నవంబరు నుంచి యూఏను 7, 13, 16 అని విడగొట్టారు కదా, మేము కోరుకున్నది 13. బురదలో సగం తల కనిపించే షాట్ తీసేస్తే ఇస్తామన్నారు. ఆ ఒక్కటీ ఉంచుకున్నాం.

ఈ వేసవిలో కాకాను చూడ్డానికి ఊరికి వెళ్లాను. షూటింగ్ అయ్యాక వెదురు కర్రలు పీకేస్తామంటే ఉంచమని అడిగింది ఆయనే. 14 కర్రల్లో తొమ్మిది నిలబడి ఉన్నాయి. ఎర్ర గుడ్డలు ఎండకు ఎప్పుడో చినిగిపోయి ఉంటాయి, ఒక్కటీ లేదు. వాటి చోట ఎవరో చీర అంచులు చింపి కట్టారు, పసుపువి రెండు, ఆకుపచ్చవి మూడు, మిగతావి నీలం.